అయిదున్నర గంటల తేడా

పెళ్లిలో తీసే వందల ఫోటోల్లో ఒక్కటి మాత్రం గడియారం చూసి తీసినట్టే ఉంటుంది. అది జీలకర్ర-బెల్లం ఫోటో. శుభలేఖలో అచ్చయిన సుముహూర్తానికి, పురోహితుడు చెయ్యి ఎత్తిన క్షణానికి ఆ క్లిక్ పడుతుంది. ముహూర్తం ఉదయం 10:42 అయితే కెమెరా కార్డులో ఆ ఫోటో సమయం కూడా 10:42 దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ కార్డును స్టూడియోలో నెట్‌వర్క్ బ్యాకప్ పెట్టెకు తగిలించి కాపీ చేశారనుకుందాం. నెల తర్వాత ఆల్బమ్ కోసం ఫోల్డరు తెరిస్తే, అదే ఫోటో పక్కన సాయంత్రం 4:12 అని కనిపిస్తుంది. రెండో కెమెరా ఫోటోలు విండోస్ ల్యాప్‌టాప్ మీదుగా వచ్చాయి కాబట్టి వాటి సమయం సరిగానే ఉంది. రెండింటినీ కలిపి తేదీ ప్రకారం పేరిస్తే అప్పగింతల మధ్యలో మంగళసూత్రధారణ వచ్చి కూర్చుంటుంది.

హైదరాబాద్‌లో సైదాబాద్ నుంచి చంపాపేట దాకా ఫంక్షన్ హాళ్లు వరుసగా ఉన్న ఈ వైపు, పెళ్లిళ్ల సీజనులో స్టూడియోలకు ఇది కొత్త తలనొప్పి కాదు. చాలామంది "డిస్కు పాడైంది" అనో "వైరస్ పట్టింది" అనో అనుకుని కొత్త హార్డ్ డిస్కు కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బయల్దేరతారు. డిస్కులో లోపమేమీ లేదు. ఫైలులో ఒక్క బిట్ కూడా మారలేదు. మారింది తేదీ ఒక్కటే. అది ఎంత మారిందో కొలిస్తే ఎందుకు మారిందో చాలావరకు తెలిసిపోతుంది. ఈ అధ్యాయమంతా ఆ కొలత గురించే.

ముందుగా తేదీ ఎక్కడుంటుందో చూడాలి. ఫోల్డరులో ఫైలు పేరు పక్కన కనిపించే తేదీ ఫైలు లోపల ఉండదు. ప్రతి డిస్కూ తన దగ్గరున్న ఫైళ్లకు ఒక రిజిస్టరు రాసుకుంటుంది. ఏ ఫైలు పేరేమిటి, ఎంత పొడవు, డిస్కు మీద ఎక్కడ మొదలవుతుంది, ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మారింది అన్నీ అందులోనే ఉంటాయి. ఈ రిజిస్టరు రాసే పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటారు. ఫైలును ఇంకో డిస్కుకు కాపీ చేస్తే లోపలి సమాచారం మాత్రమే యథాతథంగా వెళ్తుంది. అక్కడి రిజిస్టరులో కొత్త పద్దు పడుతుంది. ఆ పద్దులో ఏ తేదీ రాయాలో నిర్ణయించేది కాపీ చేసే సాఫ్ట్‌వేర్. ఆ తేదీ ఎంత వివరంగా ఇముడుతుందో తేల్చేది కొత్త డిస్కు ఫైల్ సిస్టమ్.

దీన్ని ఇంట్లోనే రుజువు చేసుకోవచ్చు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశం ఉంది. ఒక ఫోటోకు దానితో ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ లెక్కించండి. లోపలి బిట్లన్నిటినీ కలిపి తీసిన 64 అక్షరాల గుర్తు అది. ఫోటోలో ఒక్క బిట్ మారినా గుర్తు పూర్తిగా మారిపోతుంది. ఇప్పుడు ఆ ఫోటోను పెన్ డ్రైవులోకి కాపీ చేసి మళ్లీ లెక్కించండి. తేదీ మారినా హ్యాష్ మారదు. నా దృష్టిలో ఈ విషయంలో ఇంతకన్నా మంచి ప్రయోగం లేదు. దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో మొదటి వారంలోనే చేయించాల్సింది ఇది.

రిజిస్టరులో తేదీ ఒక్కటి కాదు, విండోస్ మూడు చూపిస్తుంది: పుట్టిన తేదీ, చివరగా మార్చిన తేదీ, చివరగా తెరిచిన తేదీ. విండోస్‌లో మామూలుగా కాపీ-పేస్ట్ చేస్తే మార్చిన తేదీ పాతదే ఉంటుంది, పుట్టిన తేదీ మాత్రం కాపీ చేసిన క్షణానికి మారుతుంది. అందుకే 2011లో మార్చిన ఉత్తరం 2024లో పుట్టినట్టు కనిపిస్తుంది. చూడ్డానికి వింతగా ఉన్నా ఇందులో తప్పు లేదు. ఈ డిస్కులో ఈ ప్రతి పుట్టింది నిజంగా 2024లోనే. కట్-పేస్ట్ చేస్తే రెండు తేదీలూ పాతవే ఉంటాయి. కాబట్టి పుట్టిన తేదీ మార్చిన తేదీకన్నా తర్వాతిది కనిపిస్తే, అది ఎక్కడినుంచో తెచ్చిన కాపీ అని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. తెరిచిన తేదీని మాత్రం నమ్మకండి. డిస్కు మీద పని భారం తగ్గించడానికి విండోస్ విస్టా నుంచి దాన్ని రాయడమే చాలాచోట్ల మానేశారు.

లినక్స్ దారి వేరు. అక్కడ సాదాగా కాపీ చేస్తే మార్చిన తేదీ కూడా ఈరోజుదే అవుతుంది. పాతది నిలవాలంటే సీపీ ఆదేశానికి పీ స్విచ్ చేర్చాలి. ఆర్‌సింక్ అనే కాపీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు "టీ" స్విచ్, లేదా దాన్ని కలుపుకున్న "ఏ" అనే స్విచ్ ఇవ్వాలి. ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో తగిలించి కాపీ చేసినప్పుడు కూడా చాలా ఫోన్ల నుంచి ఈరోజు తేదీతోనే ఫోటోలు దిగుతాయి. ఫోను ఆ సమయంలో పెన్ డ్రైవులా ప్రవర్తించదు. ఎంటీపీ అనే మధ్యవర్తి పద్ధతిలో ఒక్కొక్క ఫైలూ అందిస్తుంది, తేదీ చాలాసార్లు అక్కడే జారిపోతుంది. అంటే తేడా "ఈరోజు దాకా" ఉంటే డిస్కును వదిలేసి కాపీ చేసిన విధానాన్ని అనుమానించాలి.

ఇక చిన్న తేడాల సంగతి. ఒక పాత పెన్ డ్రైవులోని ఫైళ్లను మార్చిన సమయాలను సెకన్లతో సహా చూడండి. 36, 38, 40, 42 ఇలా అన్నీ సరి సంఖ్యలే ఉంటాయి. బేసి సెకను ఒక్కటీ దొరకదు. కారణం ఫ్లాపీ డిస్కుల కాలం నాటిది. ఫ్యాట్ అనే ఆనాటి ఫైల్ సిస్టమ్‌లో సమయానికి కేటాయించింది 16 బిట్లు. గంటలకు 5 బిట్లు కావాలి, 0 నుంచి 23 దాకా అందులో పడతాయి. నిమిషాలకు 6 బిట్లు, 0 నుంచి 59 దాకా. మిగిలినవి 5 బిట్లే. అయిదు బిట్లలో 32 విలువలకే చోటుంది, సెకన్లేమో 60. దాంతో సెకన్లను రెండుతో భాగించి దాచారు. తేదీకి ఇంకో 16 బిట్లు: రోజుకు 5, నెలకు 4, ఏడాదికి 7. ఏడు బిట్లతో 1980 నుంచి 2107 దాకా లెక్కపెట్టవచ్చు. గడియారం లేని యంత్రాలు రాసిన ఫైళ్లు 1980 జనవరి 1 అని కనిపించడం ఇందువల్లే. ఈ లెక్కకు అదే మొదటి రోజు.

నాలుగు దశాబ్దాల క్రితం ఒక్క బిట్ పొదుపు కోసం చేసుకున్న ఏర్పాటు ఇది. 32 జీబీ దాకా ఉండే ఎస్‌డీ కార్డుల్లో ఇప్పటికీ ఫ్యాట్32 రూపంలో నడుస్తోంది. మరోవైపు విండోస్ కంప్యూటర్ల హార్డ్ డిస్కుల్లో ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ సమయాన్ని సెకనులో కోటో వంతు దాకా రాస్తుంది. దాని లెక్క 1601 జనవరి 1 నుంచి మొదలవుతుంది. లినక్స్ వాడే ఎక్స్‌ట్4 ఇంకా సూక్ష్మంగా, సెకనులో నూరు కోట్లో వంతు దాకా పోగలదు. అంత వివరమైన సమయాన్ని ఫ్యాట్ పెన్ డ్రైవులోకి పంపితే 37 సెకన్లు కాస్తా 38 అవుతుంది. మనకది లెక్కలోకి రాదు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం వస్తుంది. రెండు సమయాలు సరిపోలలేదు గనుక ఫైలు మారిందనుకుని ప్రతి రాత్రీ మొత్తం ఫోల్డరును మళ్లీ కాపీ చేస్తుంది. రాత్రంతా డిస్కు తిరుగుతూనే ఉందని విసుక్కునే చాలామంది సమస్య ఇదే. విండోస్‌లోని కాపీ ఆదేశం రోబోకాపీలో ఎఫ్ఎఫ్‌టీ అనే స్విచ్, ఆర్‌సింక్‌లో మాడిఫై-విండో అనే స్విచ్ ఉన్నాయి. రెండు సెకన్ల లోపు తేడాను పట్టించుకోవద్దని చెప్పడమే వాటి పని.

మరి పెళ్లి ఫోటోకు పట్టిన అయిదున్నర గంటలు?

ఫ్యాట్ ఇంకో పొదుపు కూడా చేసింది. గోడ గడియారంలో ఎంత ఉంటే అంత రాసుకుంటుంది. అది ఏ దేశపు గడియారమో రాసుకోదు. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ట్4 అలా కాదు. ప్రపంచమంతటికీ ఒకటైన సార్వత్రిక సమయంలో రాసి, చూపించేటప్పుడు ఆ ఊరి లెక్కకు మారుస్తాయి. హైదరాబాద్‌లో ఉదయం 10:42 అంటే సార్వత్రిక సమయం 5:12. ఇప్పుడు బ్యాకప్ పెట్టె కార్డులోని 10:42ను చదివింది. లోపల లినక్స్‌తో నడిచే ఆ పెట్టె టైమ్ జోన్ సెట్టింగు సరిగా లేకపోతే, ఆ 10:42 సార్వత్రిక సమయమే అనుకుంటుంది. తర్వాత మన కంప్యూటర్ దానికి అయిదున్నర గంటలు కలిపి 4:12 చూపిస్తుంది. ఎదురు దిశలో పొరబడితే 10:42 కాస్తా తెల్లవారుజామున 5:12 అవుతుంది. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్న ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంకో రూపంలో ఇదే ఎదురవుతుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్, సార్వత్రిక సమయమని లినక్స్ అనుకుంటాయి. ఒకటి సరిచేసింది ఇంకొకదానికి అయిదున్నర గంటల తప్పు. ఆ తప్పుడు గడియారం కింద సేవ్ చేసిన ఫైళ్లన్నిటికీ తప్పుడు సమయమే పడుతుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో ఆ మదర్‌బోర్డు గడియారాన్ని, అంటే ఆర్‌టీసీని, స్థానిక సమయానికి మార్చితే గొడవ తీరుతుంది.

ఈ అరగంట మనకు చాలా పనికొస్తుంది. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గర, మన కాకినాడ పరిసరాల్లో ఆ రేఖ పోతుంది. 1906 జనవరి 1న ఈ సమయం అమల్లోకి వచ్చింది. హైదరాబాద్ ఆ రేఖకు నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. అందుకే సైదాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో ఏడాది సగటున 12:16 అవుతుంది. ప్రపంచంలో ఎక్కువ దేశాలు గ్రీనిచ్‌కు పూర్తి గంటల తేడాతో ఉంటే, మనకు అరగంట అదనం. కాబట్టి ఫైలు సమయంలో సరిగ్గా 5:30 తేడా కనబడితే ఇంకో కారణం వెతకక్కర్లేదు. ఎవరో సార్వత్రిక సమయాన్ని, మన సమయాన్ని ఒకటనుకున్నారు. 1970 జనవరి 1 ఉదయం 5:30 అనే తేదీ కనబడితే అక్కడ ఏ తేదీ రాయనేలేదని అర్థం. యూనిక్స్ లెక్క సార్వత్రిక సమయంలో 1970 జనవరి 1 అర్ధరాత్రి సున్నాతో మొదలవుతుంది. ఆ సున్నా మన దేశంలో 5:30గా కనిపిస్తుంది.

గంట తేడా వచ్చిందంటే ఆ కాపీ మన దేశంలో జరిగి ఉండదు. ఎండాకాలంలో గడియారాన్ని గంట ముందుకు జరిపే అమెరికాలోనో, ఐరోపాలోనో జరిగి ఉంటుంది. రోబోకాపీలో డీఎస్‌టీ స్విచ్ పెట్టింది ఆ గంట కోసమే. డల్లాస్‌లో ఉన్న కొడుక్కు అమ్మానాన్నలు అక్క పెళ్లి ఫోటోలు ఎన్‌టీఎఫ్‌ఎస్ హార్డ్ డిస్కులో పంపారనుకోండి. మాఘమాసం పెళ్లి, ఫిబ్రవరి ముహూర్తం. అక్కడి ల్యాప్‌టాప్ ఆ జీలకర్ర-బెల్లం ఫోటోను ముందు రోజు రాత్రి 11:12 అని చూపిస్తుంది. ఇది తప్పు కాదు, ఆ క్షణానికి డల్లాస్‌లో నిజంగా అంతే అయింది. అవే ఫోటోలు ఫ్యాట్32 పెన్ డ్రైవులో పంపితే మాత్రం అక్కడా 10:42 అనే కనిపిస్తుంది. పెళ్లి జ్ఞాపకానికి నాకు ఈ రెండోదే నచ్చుతుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు మొదటిదే మేలు.

ఈ రెండింటికీ సయోధ్య ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది. 32 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులన్నీ దానితోనే వస్తాయి. అది స్థానిక సమయం రాస్తుంది, పక్కనే సార్వత్రిక సమయానికి ఎంత తేడానో పావుగంటల లెక్కన రాసే చోటు కూడా ఉంది. మనకు 22 పావుగంటలు, నేపాల్‌కు 23. చాలా కెమెరాలు ఆ చోటును నింపకుండా వదిలేస్తాయి, అదే విచారం.

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన ఈ వైపు వాళ్లకు మరిచిపోయేది కాదు. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, మూసారాంబాగ్ వంతెన మీదుగా మూసీ పారింది. టేబుల్ కింద నేల మీద పెట్టిన సీపీయూ అలాంటి రాత్రి మొదట మునిగేది. హార్డ్ డిస్కు లోపలికి నీరు చేరకుండా బతికితే, దాన్ని విప్పి యూఎస్‌బీ పెట్టెలో పెట్టి కొత్త కంప్యూటర్‌కు తగిలిస్తారు. ఆ తొందరలో అందరూ చేసేది ఒక్కటే: అంతా సెలెక్ట్ చేసి కాపీ-పేస్ట్. పదిహేనేళ్ల ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, ఫోటోలు అన్నిటికీ ఒకే పుట్టిన తేదీ పడుతుంది. ఫోల్డర్ల తేదీలు కూడా పోతాయి. పాత డిస్కు ఆ తర్వాత నాలుగు రోజులకు పూర్తిగా ఆగిపోతే ఆ తేదీలు ఇక ఎప్పటికీ తిరిగిరావు.

కాబట్టి తేదీలు ముఖ్యమైన డిస్కును మౌస్‌తో లాగి కాపీ చేయకండి. విండోస్‌లో రోబోకాపీ ముందే ఉంటుంది, విడిగా కొనాల్సిందీ లేదు, ఎక్కించాల్సిందీ లేదు. ఫైళ్ల తేదీలను అది మామూలుగానే నిలుపుతుంది. ఫోల్డర్ల తేదీల కోసం డీకాపీ స్విచ్‌కు టీ చేర్చాలి. తీసుకెళ్లే డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి. మొత్తం మొదలుపెట్టే ముందు ఒక్క ఫైలు కాపీ చేసి, రెండు చోట్లా ప్రాపర్టీస్ తెరిచి పక్కపక్కన చూడండి. తేడా లేకపోతేనే మిగతాది. ఉంటే, అది రెండు సెకన్లా, గంటా, అయిదున్నర గంటలా, ఈరోజు దాకానా అన్నది పైన చెప్పిన దారిలో మిమ్మల్ని నడిపిస్తుంది. ఇవేవీ కాకుండా ఏళ్ల తేడా, అదీ ఫైళ్లన్నిటికీ ఒకేలా ఉంటే, ఆ ఫైళ్లు తయారైన కంప్యూటర్ మదర్‌బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందేమో చూడాలి.

పోయిన తేదీ ఫోటోలకైతే చాలావరకు తిరిగి దొరుకుతుంది. కెమెరా ఫోటో తీసిన సమయాన్ని రిజిస్టరుకే కాక ఫోటో లోపల కూడా రాస్తుంది. ఆ భాగాన్ని ఎక్సిఫ్ అంటారు. అది ఫైలులో అంతర్భాగం కాబట్టి ఎన్ని డిస్కులు మారినా అలాగే ఉంటుంది. కెనడాకు చెందిన ఫిల్ హార్వీ రాసిన ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ లోపలి సమయాన్ని తీసి వేల ఫోటోల రిజిస్టరు తేదీలను ఒక్క ఆదేశంతో సరిచేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలకు ఈ దారి లేదు. పంపేటప్పుడే ఎక్సిఫ్‌ను తీసేస్తారు, ఫైలు పేరులో ఉన్న తేదీ ఒక్కటే ఆధారం. వీడియోలది మరో పేచీ. ఎంపీ4 ప్రమాణం లోపలి సమయాన్ని సార్వత్రిక లెక్కలో రాయమంటుంది, ఎక్సిఫ్‌లో ఉండేది స్థానిక సమయం. అందుకే కొన్ని సాఫ్ట్‌వేర్లలో తలంబ్రాల వీడియో, తలంబ్రాల ఫోటోలు అయిదున్నర గంటల దూరంలో కనిపిస్తాయి. ఎక్సిఫ్‌లో టైమ్ జోన్ రాసే చోటు 2016లో వచ్చిన 2.31 కూర్పుతో గానీ రాలేదు.

కెమెరా గడియారమే తప్పుగా ఉంటే లోపలి సమయం కూడా తప్పే. అప్పుడు కొలబద్దగా పనికొచ్చేది జీలకర్ర-బెల్లం ఫోటోయే. శుభలేఖలో ముహూర్తం 10:42, మొదటి కెమెరాలో ఆ ఫోటో 10:39, రెండో కెమెరాలో 10:50 అనుకుందాం. మొదటి కెమెరా ఫోటోలన్నిటికీ 3 నిమిషాలు కలిపి, రెండోదానివన్నిటికీ 8 నిమిషాలు తీసేస్తే రెండూ ఒక వరుసలో కలుస్తాయి. పురోహితుడు ముహూర్తానికి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ చేసినా నష్టం లేదు, రెండు కెమెరాలూ చూసింది ఒకే క్షణాన్ని.

ఆల్బమ్‌లో ఇంతవరకు సరిపోతుంది, కోర్టులో సరిపోదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ కూడా రాయాలి. అంతకుముందు పాత చట్టంలోని 65బి సెక్షన్ ఉండేది. అసలు పరికరాన్ని కోర్టు ముందు పెట్టనప్పుడు ఆ ధ్రువపత్రం తప్పనిసరని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హ్యాష్ ఫైలు లోపలి సమాచారానికి కాపలా కాస్తుంది. రిజిస్టరులోని తేదీ దాని పరిధిలోకి రాదు. అందుకే ఫోరెన్సిక్ నిపుణులు ఫైళ్లను విడివిడిగా కాపీ చేయరు. రాతను అడ్డుకునే పరికరం మధ్యలో పెట్టి, రిజిస్టరుతో సహా మొత్తం డిస్కును బిట్ తర్వాత బిట్ ప్రతి తీస్తారు, ఆ మొత్తానికి హ్యాష్ లెక్కిస్తారు.

కాలనీలో దొంగతనం జరిగి పోలీసులు సీసీ కెమెరా ఫుటేజీ అడిగినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పెన్ డ్రైవులోకి ఎక్కించిన వీడియో పుట్టిన తేదీ ఎక్కించిన రోజుదే ఉంటుంది. అసలు రికార్డింగు ఉన్న డీవీఆర్‌ను ఎవరూ ఫార్మాట్ చేయకుండా, ఆపరేటర్ "రీసెట్" కొట్టకుండా చూడండి. దాని గడియారాన్ని సరిచేయాలని కూడా ప్రయత్నించవద్దు. డీవీఆర్ తెర మీద నడుస్తున్న సమయం, పక్కన పెట్టిన సెల్‌ఫోనులో నెట్‌వర్క్ నుంచి వచ్చిన సమయం, రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఫోటో తీసి పెట్టుకోండి. డీవీఆర్ పదిహేడు నిమిషాలు వెనక నడుస్తుంటే ఆ పదిహేడు నిమిషాలు అందులో నమోదవుతాయి. దొంగ గేటు దూకిన అసలు సమయాన్ని దాన్నిబట్టి లెక్కించవచ్చు.